ఘాట్ రోడ్డు మలుపులో ఎంత వేగం? తేల్చేది టైరు కాదు, చూపు

విశాఖ నుంచి అరకు బయల్దేరితే పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట దాకా రోడ్డు దాదాపు చదునే. గంటసేపు అరవై, డెబ్బైలో నడిపిన కాలు ఆ వేగానికి అలవాటు పడిపోతుంది. ఆ తర్వాత ఘాట్ మొదలవుతుంది. అప్పుడు 45కి తగ్గించినా 'బాగా తగ్గించేశాం' అనిపిస్తుంది. ఆ అనిపించడమే ప్రమాదం. అంతకుముందు ఎంత వేగంలో వచ్చామో దానితో పోల్చి మెదడు వేగాన్ని అంచనా వేస్తుంది తప్ప, ముందున్న మలుపుతో పోల్చి కాదు. అందుకే ఘాట్‌లో మొదటి కిలోమీటరు మనసుకి అనిపించిన దాన్ని కాకుండా స్పీడోమీటరు ముల్లునే నమ్మాలి.

మరి ఆ ముల్లు ఎక్కడ ఉండాలి? ప్రతి మలుపుకీ మూడు హద్దులుంటాయి. టైరు జారిపోయే వేగం ఒకటి. బండి పల్టీ కొట్టే వేగం రెండోది. కనబడినంత దూరంలో బండి ఆపగలిగే వేగం మూడోది. ఈ మూడింటిలో ఏది తక్కువైతే అదే ఆ మలుపు వేగం. చాలామంది మొదటిదాని గురించే ఆలోచిస్తారు. 'మన టైర్లు కొత్తవి, పట్టు బాగుంటుంది' అంటారు. నిజానికి మన కొండ మలుపుల్లో అన్నిటికన్నా ముందు అడ్డొచ్చేది మూడో హద్దు.

టైరు పట్టు లెక్క

మలుపు ఎంత బిగువో చెప్పేది దాని వ్యాసార్థం. మలుపుని ఒక పెద్ద వృత్తంలో ముక్క అనుకుంటే, ఆ వృత్తం కేంద్రం నుంచి రోడ్డుకి ఎంత దూరమో అదే వ్యాసార్థం. రోడ్డు ఇంజినీర్లు వాడే సూత్రం చిన్నదే: గంటకు కిలోమీటర్లలో ఉన్న వేగాన్ని వర్గం చేసి, 127తోనూ, మీటర్లలో ఉన్న వ్యాసార్థంతోనూ భాగించాలి. వచ్చిన సంఖ్యంత పట్టు బండికి కావాలి. ఆ పట్టు రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి టైరుకీ తారుకీ మధ్య ఘర్షణ. రెండోది రోడ్డు బయటి అంచుని ఎత్తుగా కట్టడం వల్ల దొరికే సాయం. దీన్నే సూపర్ ఎలివేషన్ అంటారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం డిజైన్‌లో ఘర్షణకి 0.15 మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు. సూపర్ ఎలివేషన్ మైదానాల్లో గరిష్ఠంగా 7 శాతం, మంచు పడని కొండ రోడ్లలో 10 శాతం.

50 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు తీసుకుందాం. 40 కిలోమీటర్ల వేగంలో 1600ని 6350తో భాగిస్తే 0.25 వస్తుంది. అంటే 0.15 ఘర్షణ, 0.10 సూపర్ ఎలివేషన్ సరిగ్గా సరిపోయాయి. ఆ మలుపు డిజైన్ వేగం అదే. ఇప్పుడు 60లో వస్తే కావలసిన పట్టు 0.57కి పోతుంది. వేగం ఒకటిన్నర రెట్లయితే, పట్టు అవసరం రెండుంబావు రెట్లయింది. సూపర్ ఎలివేషన్ ఇచ్చే 0.10 పోగా మిగతా 0.47 టైరే ఇవ్వాలి. ఎండిన తారు మీద మంచి టైరు 0.7 దాకా ఇస్తుంది కాబట్టి ఎండాకాలం మధ్యాహ్నం బండి తిరిగిపోతుంది, డ్రైవరు 'ఏమీ కాలేదు కదా' అనుకుంటాడు. తడి రోడ్డు మీద ఆ పట్టు 0.4 దగ్గరికి పడిపోతుంది. అదే మలుపు, అదే 60, అదే డ్రైవరు. కానీ ఈసారి బండి తిరగదు. నిన్న పనిచేసిన వేగం ఇవాళ పనిచేయకపోవడానికి కారణం ఇదే.

నోటి లెక్కకి ఒక సులువు దారి ఉంది. వ్యాసార్థానికి వర్గమూలం కట్టి 5తో గుణించండి. 16 మీటర్లకి 20, 36 మీటర్లకి 30, 64కి 40, 100కి 50, 144కి 60. ఇది రోడ్డు డిజైన్ హద్దుకి దగ్గరగా, కొంచెం జాగ్రత్త వైపు ఉండే సంఖ్య. హెయిర్‌పిన్ మలుపులకి, అంటే యూ ఆకారంలో వెనక్కి తిరిగేవాటికి, ప్రమాణాల్లో లోపలి వ్యాసార్థం కనీసం 14 మీటర్లు, డిజైన్ వేగం 20. లెక్క కూడా దాదాపు అదే చెబుతుంది.

వ్యాసార్థం తెలిసేదెలా అంటారా? రోజూ తిరిగే దారైతే ఫోన్లో ఉపగ్రహ మ్యాపు తెరిచి, దూరం కొలిచే సాధనంతో మలుపు మీద 40 మీటర్ల గీత అడ్డంగా గీయండి. గీత రెండు కొసలూ రోడ్డు మధ్య గీత మీదే ఉండాలి. గీత నడిమధ్య నుంచి రోడ్డు మధ్య గీత ఎంత దూరం వంగిందో కొలవండి. అది 4 మీటర్లనుకుందాం. 40ని వర్గం చేస్తే 1600. దాన్ని 4కి ఎనిమిది రెట్లయిన 32తో భాగిస్తే 50. దానికి 4లో సగం, అంటే 2 కలిపితే 52 మీటర్లు. సింహాచలం కొండ మీదికో, యారాడ ఘాట్‌లోనో రోజూ బండి నడిపేవాళ్లు ఒక సాయంత్రం కూర్చుని తమ దారిలో గట్టి మలుపులన్నీ ఇలా కొలిచి పెట్టుకోవచ్చు.

మరో విషయం చాలామంది గమనించరు. సూపర్ ఎలివేషన్ ఇవ్వని మామూలు రోడ్డు మధ్యలో ఎత్తుగా, రెండు పక్కలకీ రెండు రెండున్నర శాతం వాలుగా ఉంటుంది. మనం ఎడమ పక్క వెళ్తాం కాబట్టి ఎడమ మలుపులో ఆ వాలు సాయం చేస్తుంది. కుడి మలుపులో అదే వాలు బండిని బయటికి నెడుతుంది. ఒకే బిగువున్న రెండు మలుపుల్లో కుడి మలుపుకి అందుకే ఇంకొంచెం తగ్గాలి. వేగం ఎక్కువైతే పోయే దిక్కు కూడా వేరు. కుడి మలుపులో బండి ఎడమ అంచు దాటి రోడ్డు దిగిపోతుంది. ఎడమ మలుపులో అవతలి లేనులోకి, ఎదురొచ్చే బండి మీదికి పోతుంది.

పల్టీ: లారీకీ జీపుకీ జారడం కన్నా ముందొచ్చే హద్దు

కారు సాధారణంగా పల్టీ కొట్టేలోపే జారుతుంది. లోడు లారీ సంగతి వేరు. అది జారేలోపే పల్టీ కొడుతుంది. చక్రాల మధ్య వెడల్పులో సగాన్ని బరువు కేంద్రం ఎత్తుతో భాగిస్తే, బండి ఎంత పక్క బలానికి తట్టుకుంటుందో తెలుస్తుంది. కారుకి అది 1 కన్నా ఎక్కువే. నిండు లోడు లారీకి స్ప్రింగులు, టైర్లు ఒరగడం కూడా కలుపుకుంటే 0.35, 0.4 దగ్గరే ఆగిపోతుంది. ఇందాకటి 50 మీటర్ల మలుపునే చూడండి. రోడ్డు చదునుగా ఉంటే లారీ చక్రాలు లేచే వేగం 47 నుంచి 50. డిజైన్ వేగం 40 అయితే ఆ డ్రైవరు చేతిలో మిగిలింది ఏడు నుంచి పది కిలోమీటర్లే. అదే మలుపులో ముందు వెళ్తున్న కారుని చూసి వేగం పెట్టుకునే లారీ డ్రైవరు తన లెక్క కాకుండా ఇంకొకరి లెక్క నమ్ముతున్నట్టు. సగం నిండిన ట్యాంకరైతే లోపలి ద్రవం బయటి వైపు ఊగి ఆ కొద్ది మిగులునీ తినేస్తుంది.

ఏజెన్సీలో సంత రోజున జీపు టాపు మీద మనుషులు, మూటలు ఎక్కడం మనకి తెలిసిందే. వాళ్లకి వేరే బండి దొరకదు కాబట్టి ఎక్కుతారు. కానీ టాపు మీద ప్రతి మనిషీ బరువు కేంద్రాన్ని పైకి లాగుతాడు. డ్రైవరుకి స్టీరింగులో ఆ తేడా అంతగా తెలియదు. చక్రం లేచేదాకా బండి మామూలుగానే తిరుగుతున్నట్టు ఉంటుంది. అలాంటి లోడుతో దిగేటప్పుడు ఖాళీ బండి వేగం గుర్తుపెట్టుకుని నడపకూడదు. కుటుంబంతో వెళ్లే పెద్ద కార్లకీ ఇది వర్తిస్తుంది. సూట్‌కేసులు క్యారియర్ మీద కాకుండా డిక్కీలో, సీట్ల కింద పెట్టుకోండి.

అసలు హద్దు: కనబడినంత దూరంలో ఆగగలరా

ఇక ముఖ్యమైనది. 40 వేగంలో ఉన్న బండి ఆగడానికి 45 మీటర్లు కావాలి. 30లో 30 మీటర్లు. 50లో 60. రోడ్డు డిజైన్‌లో వాడే దూరాలివి. అడ్డం చూసి, అర్థం చేసుకుని, కాలు బ్రేకు మీద పడేదాకా రెండున్నర సెకన్లు ఇందులో కలిసే ఉన్నాయి. 40 వేగంలో ఆ రెండున్నర సెకన్లలోనే బండి 28 మీటర్లు వెళ్లిపోతుంది. బ్రేకు పనిచేసేది చివరి 17 మీటర్లలోనే. 6 శాతం దిగుడులో మొత్తం ఇంకో మూడు మీటర్లు పెరుగుతుంది.

ఇప్పుడు మలుపులో ఎంత దూరం కనబడుతుందో చూద్దాం. ఎడమ పక్కన కొండ, ఎడమకే మలుపు, వ్యాసార్థం అదే 50 మీటర్లు. మన లేను మధ్య నుంచి రోడ్డు అంచుకి 1.75 మీటర్లు, అక్కడి నుంచి కాలువ దాటి కొండ గోడకి మరో ఒకటిన్నర మీటర్లు. మొత్తం 3.25. దీన్ని వ్యాసార్థంతోనూ 8తోనూ గుణిస్తే 1300. దాని వర్గమూలం 36. కళ్లకి కనబడేది 36 మీటర్ల రోడ్డే. దానికి తగిన వేగం 35. టైరు 40 ఒప్పుకున్నా, ఎండలో 60 కూడా ఒప్పుకున్నా, చూపు 35 దగ్గరే ఆపేస్తుంది. మలుపు అవతల పడిపోయిన బండరాయో, పశువులో, పంక్చరు అయిన ఆటోనో ఉంటే 60లో వెళ్లేవాడు తన బ్రేకు పూర్తిగా పట్టకముందే దాన్ని చేరుకుంటాడు.

అది కూడా అడ్డం కదలకుండా ఉంటేనే. ఎదుటి బండి మన లేనులోకి వస్తే, ఆ 36 మీటర్లలో సగమే మనది, సగం అతనిది. 18 మీటర్లలో ఆగాలంటే 20 లోపే ఉండాలి. పెద్ద బస్సు హెయిర్‌పిన్ తిరిగేటప్పుడు అవతలి లేను కొంత వాడుకోక తప్పదు. అలాంటి చోట మలుపులోకి వెళ్లకముందే ఆగి దారివ్వడం అన్నిటికన్నా మంచి పని. ఇరుకు దారిలో రెండు బండ్లు సులువుగా తప్పుకోలేకపోతే దిగేవాడే ఆగి, ఎక్కేవాడికి దారివ్వాలన్నది 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల్లోనే ఉంది. మలుపులో ఓవర్‌టేక్ చేయకూడదన్నదీ అందులోదే.

ఇది ఘాట్‌లకే పరిమితం కాదు. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా బీచ్ రోడ్డు వెడల్పుగా, నున్నగా ఉంటుంది. 200 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు అక్కడ మలుపులాగే అనిపించదు. టైరు లెక్క 70 ఇస్తుంది. లోపలి వైపు లేను మధ్య నుంచి 5 మీటర్ల దూరంలో ప్రహరీగోడో సరుగుడు చెట్లో ఉంటే కనబడేది 89 మీటర్లు. అంటే తగిన వేగం 65. దానికి తోడు సముద్రపు గాలికి ఇసుక రోడ్డు మీదికి కొట్టుకొస్తుంది. అది అంచుల్లో పల్చగా పరుచుకుంటుంది, రాత్రి లైట్లలో కనబడదు. తెన్నేటి పార్కు దగ్గరో రుషికొండ దగ్గరో బైకు వంచి తిప్పేవాళ్లకి ఇదే పెద్ద గండం. 50 మీటర్ల మలుపులో 40కి బైకు 14 డిగ్రీలు వంగాలి. 60కి దాదాపు 30 డిగ్రీలు. ఆ 30 డిగ్రీల్లో ముందు చక్రం ఇసుక మీద పడితే సరిదిద్దుకునే వ్యవధి ఉండదు.

రాత్రి డిమ్ లైటు దాదాపు 40 మీటర్ల వరకే రోడ్డుని బాగా చూపిస్తుంది. పైగా అది నేరుగా కొడుతుంది, మలుపు వెంట తిరగదు. అందుకే పగలు 35లో వెళ్లిన మలుపుకి రాత్రి 25 చాలు. అనంతగిరి, లంబసింగి పొగమంచులో 20 మీటర్లే కనబడితే వేగం 20. హై బీమ్ వేస్తే మంచు తెల్లగా మెరిసి ఆ 20 కూడా పోతుంది.

మలుపులోకి వెళ్తూనే వ్యాసార్థం అంచనా వేయడానికి కంటికి ఒక గుర్తు ఉంది. రోడ్డు ఎడమ అంచు, కుడి అంచు దూరంగా ఎక్కడ కలిసినట్టు కనబడుతున్నాయో ఆ చోటు చూడండి. మనం ముందుకి వెళ్లేకొద్దీ అది కూడా అదే వేగంతో ముందుకి జరుగుతుంటే సరైన వేగంలో ఉన్నట్టు. అది కదలకుండా మన దగ్గరికి వచ్చేస్తుంటే మలుపు ఇంకా బిగుసుకుంటోంది, వెంటనే తగ్గాలి. అది దూరంగా పరిగెత్తడం మొదలుపెడితే మలుపు విచ్చుకుంటోంది, అప్పుడే యాక్సిలరేటరు. కుంభాకార అద్దం పెట్టిన చోట అందులో కనబడే బండి నిజానికన్నా దూరంగా, చిన్నగా అనిపిస్తుంది. అద్దంలో బండి ఉందా లేదా అన్నంత వరకే నమ్మాలి, ఎంత దూరమన్నది కాదు.

బ్రేకు ఎక్కడ వేయాలి

టైరు దగ్గరున్న పట్టు ఒక్కటే. తిరగడానికీ బ్రేకుకీ దాన్నే పంచుకోవాలి. తడి రోడ్డు మీద మొత్తం 0.4 ఉంటే, తిరగడానికి 0.3 వాడుతున్నప్పుడు బ్రేకుకి 0.26 మిగులుతుంది. తిరగడానికే 0.38 పోతుంటే మిగిలేది 0.12. ఏబీఎస్ ఉన్నా చక్రం లాక్ కాకుండా చూస్తుంది తప్ప కొత్తగా పట్టు పుట్టించదు. కాబట్టి మలుపుకి ముందు, బండి నిటారుగా ఉన్నప్పుడే బ్రేకు పని పూర్తి కావాలి. గేరు కూడా అక్కడే మార్చేయాలి. మలుపులో కాలు తేలిగ్గా, ఒకే తీరులో ఉండాలి. 60 నుంచి 30కి కుదుపు లేకుండా తగ్గాలంటే దాదాపు 60 మీటర్లు పడుతుంది. మలుపు బోర్డు కనబడగానే మొదలుపెట్టకపోతే చాలదు.

అయినా వేగం ఎక్కువై లోపలికి వచ్చేస్తే? యాక్సిలరేటరు మీంచి కాలు మెల్లగా తీయండి. ఏబీఎస్ ఉన్న కారైతే గట్టిగా బ్రేకు వేస్తూనే స్టీరింగు తిప్పొచ్చు. ఏబీఎస్ లేకపోతే బ్రేకు కొద్దికొద్దిగా నొక్కి వదలాలి. చక్రం లాకైందంటే స్టీరింగు ఎంత తిప్పినా బండి నేరుగానే పోతుంది. బైకు మీదైతే ముందు బ్రేకు ఒక్కసారిగా పట్టుకోకూడదు. ఎడమకి తిరగాలంటే ఎడమ హ్యాండిల్‌ని ముందుకి నెట్టాలి, చూపు లోయ మీద కాకుండా మలుపు బయటికొచ్చే చోట ఉంచాలి. కళ్లు ఎటో బండి అటే.

దిగేటప్పుడు ఇంకో చిక్కు. అరకు లోయ సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు. మనుషులతో కలిపి 1500 కిలోల కారు అక్కడి నుంచి కిందికి వచ్చేలోపు వదిలించుకోవలసిన శక్తి, 100 వేగంలో ఉన్న అదే కారుని 23 సార్లు పూర్తిగా ఆపడానికి పట్టేంత. అందులో కొంత గాలి, టైర్లు తీసుకుంటాయి. మిగతాది ఇంజనుకి వదలాలి. లేదంటే అంతా బ్రేకుల్లో వేడవుతుంది. ప్యాడ్లు వేడెక్కితే పట్టు తగ్గి కాలిన వాసన వస్తుంది. బ్రేకు ఆయిల్ మరిగితే లోపల ఆవిరి బుడగలు పుట్టి పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. కానీ అది గాలిలో తేమ పీల్చుకుంటుంది, తేమ పట్టాక 140 డిగ్రీలకే మరగొచ్చు. మన తీరంలో తేమకి కొదవ లేదు కాబట్టి రెండేళ్లకోసారి ఆయిల్ మార్చకుండా ఘాట్ ఎక్కకండి.

ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగండి. కారుకి చాలాచోట్ల అది రెండో గేరు, హెయిర్‌పిన్‌లో ఒకటి. ఆటోమేటిక్ బండిలో ఎల్ (తక్కువ గేరు) కానీ మాన్యువల్ మోడ్ కానీ పెట్టుకోండి. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో దింపడం, ఇంజను ఆపేయడం అసలు వద్దు. ఇంజను ఆగితే బ్రేకు బూస్టరులో రెండు మూడు నొక్కులకి సరిపడా సాయమే మిగులుతుంది, పవర్ స్టీరింగు బిగుసుకుంటుంది. పెడల్ మెత్తబడినట్టు తోస్తే వరసగా పంపు చేయండి, గేరు తగ్గించండి, హ్యాండ్ బ్రేకు కొద్దికొద్దిగా లాగండి. అప్పటికీ ఆగకపోతే లోయ వైపు కాకుండా కొండ వైపు కాలువలోకి ఒరిపించండి.

2021 ఫిబ్రవరిలో అనంతగిరి మండలం డముకు దగ్గర పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు చనిపోయారు. ఆ దారిలోనే సెలవు రోజుల్లో వ్యూ పాయింట్ల దగ్గర మలుపులోనే కార్లు ఆపి ఫొటోలు దిగుతుంటారు. వెనక వచ్చేవాడికి కనబడే 36 మీటర్లలో 10 మీటర్లు ఆ కారు తీసేసుకుంటే, 35లో పద్ధతిగా వస్తున్నవాడు కూడా ఆపలేడు. ఆపాలనుకుంటే మలుపు పూర్తిగా దాటి, వెనక బండికి కనీసం 60 మీటర్ల నుంచి కనబడే చోట, తారు దిగి ఆపండి. బండి మలుపులోనే చెడిపోతే హజార్డ్ లైట్లు వేసి, మనుషుల్ని కొండ వైపుకి దింపి, ఎర్ర త్రికోణాన్ని బండి వెనకే కాకుండా మలుపు మొదలవడానికి ముందే పెట్టించండి. ఘాట్‌లో ఎదురు బండ్లకీ ఇదే అవస్థ కాబట్టి మలుపు అవతలి కొసకి కూడా ఒక మనిషిని పంపి, ఏదైనా గుడ్డ ఊపమనండి.